ఎర్రసిరా ఏడాది

నవంబరు దగ్గరపడితే జిల్లా పరిషత్ హైస్కూళ్ల పదో తరగతి గదుల్లో పాఠాలతో సంబంధం లేని వెతుకులాట ఒకటి మొదలవుతుంది. పుట్టుమచ్చల కోసం. క్లాస్ టీచరు ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి చేతులు చాపమంటారు, మెడ తిప్పమంటారు, గడ్డం ఎత్తమంటారు. తలా రెండు మచ్చలు దొరకాలి, అవీ పైకి కనపడేవై ఉండాలి. రెండోది దొరకని పిల్లవాడు మోచేతి మీద పాత దెబ్బ గుర్తు చూపించి గట్టెక్కుతాడు. ఆడపిల్లల సంగతి మేడం చూసుకుంటారు. కిటికీలోంచి తొంగిచూసి నవ్వే తొమ్మిదో తరగతివాళ్లకు వచ్చే ఏడు తమ వంతేనని గుర్తుండదు.

ఈ మచ్చలు పోయి చేరేది నామినల్ రోల్సులో. పబ్లిక్ పరీక్ష రాయబోయే ప్రతి విద్యార్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, చదివిన మాధ్యమం, గుర్తింపు చిహ్నాలు అన్నీ అందులో ఎక్కాలి. రేపు చేతికొచ్చే పదో తరగతి సర్టిఫికెట్టుకు ఇదే మూలం. పాస్‌పోర్టు నుంచి పింఛను దాకా ఆ మనిషి ఎప్పుడు పుట్టాడో చెప్పేది ఆ కాగితమే. కాబట్టి ఒక హైస్కూలు పనితనం చూడాలనుకుంటే నేను ముందు అడిగేది మార్కుల జాబితా కాదు, నామినల్ రోల్సు ఎవరు రాస్తారు, ఎన్నిసార్లు సరిచూస్తారు అని.

నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ నడుమనున్న పాములపాడు లాంటి చోట ఈ పని ఎంత సున్నితమో ఒక్క పేరుతో చెప్పొచ్చు. మద్దిలేటి. బేతంచర్ల దగ్గరి నరసింహస్వామి పేరది. నంద్యాల, కర్నూలు పల్లెల్లో హిందువుల ఇళ్లలోనూ, దూదేకుల ఇళ్లలోనూ ఈ పేరు వినిపిస్తుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు అందులో 'డి' ఒకటా రెండా, ఆఖరున 'ఐ' నా 'వై' నా? అడ్మిషన్ రిజిస్టరులో ఒకలా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా, రేషన్ కార్డులో మూడో రకంగా. ఇంటిపేరు ముందు రావాలా, వెనకా? దూదేకుల, షేక్ అన్నవి పూర్తిగా రాయాలా, పొడి అక్షరంతో సరిపెట్టాలా? ఇవన్నీ తేల్చాల్సింది ఆన్‌లైన్లో ఎక్కించే ముందే. తర్వాత తప్పు బయటపడితే ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా అర్జీలతో తిరగాలి. కూలి పని చేసుకునే తండ్రికి అలా పోయే ఒక్కో రోజు ఒక్కో రోజు కూలి.

మంచి హెడ్మాస్టరు చేసే పని చూడండి. రోల్సు ముద్రించిన కాపీని పిల్లల చేతికే ఇచ్చి ఇంటికి పంపుతారు. అమ్మానాన్నలకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తెమ్మంటారు. మరుసటి రోజు క్లాసులో ఒకరి కాగితం ఇంకొకరికిచ్చి అక్షరం అక్షరం బిగ్గరగా చదివిస్తారు. ఎవరి పేరులో తప్పు వాళ్ల కంటికి ఆనదు, పక్కవాడి పేరులో అయితే ఇట్టే దొరుకుతుంది. అన్నిటికంటే ఆఖరున పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి పుట్టిన తేదీ ఒక్కటీ మళ్లీ చూస్తారు. మన తాతల తరంలో సగం మంది బడి లెక్కల్లో జూన్‌లోనో జూలైలోనో పుట్టినవాళ్లే. బడిలో వేసే రోజుకు ఐదేళ్లు నిండేలా అయ్యవారు ఒక తేదీ వేసేవారు. ఇప్పుడు ఆ అలవాటు ఆధార్ కేంద్రానికి మారింది, జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎక్కువయ్యారు. రెండు తేదీలు పొసగనప్పుడు ఏది నిలబడుతుందో పిల్లవాడి పదిహేనో ఏట తేల్చేది హెడ్మాస్టరు గదిలోనే.

ఈ పనికి పేపర్లో ఫొటో రాదు. తప్పు జరిగితే మటుకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా తెలుస్తుంది.

జూన్ 12న బడి తెరిచిన వారంలో తయారయ్యే రెండో పనిముట్టు టైమ్‌టేబుల్. దీన్ని గుమస్తా పనిగా చూసేవాళ్లున్నారు. నా దృష్టిలో ఒక బడి తెలివంతా అందులోనే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, ఒక్కోదానికి రెండేసి సెక్షన్లు ఉన్నాయనుకోండి. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. ఒక్కో సెక్షనుకు 48 గళ్లు, బడి మొత్తానికి 480. లెక్కలకు వారానికి ఎనిమిది పీరియడ్లు వేస్తే పది సెక్షన్లకు 80 కావాలి. ఒక టీచరు వారానికి 36 పీరియడ్లు మొయ్యగలరనుకుంటే ఇద్దరికి 72. మిగిలిన ఎనిమిదీ సరిగ్గా ఒక సెక్షన్ లెక్కలు. ముగ్గుర్ని అడిగితే ఒకరు మిగులు అని సర్దుబాటు కింద పక్క బడికి పంపుతారు, ఇద్దరితో నడపబోతే ఒక సెక్షన్ గాలిలో ఉంటుంది. అప్పుడు భౌతికశాస్త్రం సారు ఆరో తరగతి లెక్కలు తీసుకోవాలి. ఆయన ప్రయోగాల పీరియడ్ ఇంకెవరి మీదో పడుతుంది.

ఈ సర్దుబాటుకు పోలిక పక్కనే దొరుకుతుంది. పాములపాడు మండలంలోనే బనకచర్ల ఉంది. పోలవరం నుంచి అక్కడికి నీళ్లు తేవాలన్న ప్రతిపాదనతో 2025లో ఆ ఊరిపేరు రోజూ పేపర్లో కనపడింది గానీ, అక్కడి క్రాస్ రెగ్యులేటరు ఎప్పటినుంచో తన పని తాను చేస్తూనే ఉంది. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్లు అక్కడ మూడు దారులు పడతాయి: వెలుగోడు జలాశయం మీదుగా తెలుగుగంగకు, శ్రీశైలం కుడి కాలువ వైపు, కేసీ కాలువ వైపు. ఒక గేటు ఎత్తితే ఇంకో దారిలో మట్టం తగ్గుతుంది. టైమ్‌టేబుల్ వేసే మనిషి చేసేదీ ఆ గేట్ల పనే. పదో తరగతికి రెండు పీరియడ్లు ఎక్కువిస్తే అవి ఆరో తరగతి నుంచే రావాలి. మార్చిలో ఫలితం కోసం జూన్‌లో ఆరో తరగతి గేటు మూసిన బడికి నాలుగేళ్ల తర్వాత దెబ్బ తెలుస్తుంది.

చేయి తిరిగినవాళ్లు వేసిన టైమ్‌టేబుల్ చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. లెక్కలూ ఇంగ్లీషూ మధ్యాహ్న భోజనానికి ముందే ఉంటాయి. అన్నం తిన్నాక వచ్చే నిద్రమత్తు పీరియడ్లో తెలుగు పద్యం పడుతుంది, ఎందుకంటే గొంతెత్తి చదివే క్లాసులో ఎవరూ తూగలేరు. ఏ టీచరుకూ వరసగా నాలుగు క్లాసులుండవు. రెండు సెక్షన్ల సామాన్యశాస్త్రం వెనకా ముందూ పడుతుంది, ఒకసారి పెట్టిన ప్రయోగం సామగ్రి రెండోసారీ పనికొచ్చేలా. పదో తరగతి మొదటి పీరియడ్ ఊళ్లోనే ఉండే టీచరుకు పడుతుంది, బస్సు దిగి రావాల్సినవాళ్లకు పడదు. దాని వెనకున్న కారణం స్టాఫ్ రూములో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇక ఎర్రసిరా. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు పనితనం ఇక్కడే ఉంది.

పదో తరగతి గణితంలో సాంఖ్యకశాస్త్రం అని ఒక అధ్యాయం. వర్గీకరించిన దత్తాంశానికి మధ్యగతం కనుక్కోమని లెక్క. యాభై మంది పిల్లల మార్కులు ఇలా ఇచ్చారనుకోండి: 0–10 మధ్య ఐదుగురు, 10–20 మధ్య ఎనిమిది మంది, 20–30 మధ్య ఇరవై మంది, 30–40 మధ్య పదిహేను మంది, 40–50 మధ్య ఇద్దరు. సంచిత పౌనఃపున్యాలు 5, 13, 33, 48, 50. యాభైలో సగం 25, అది 20–30 తరగతిలో పడుతుంది. ఆ తరగతికి ముందున్న సంచిత పౌనఃపున్యం 13. ఇరవై ఐదులోంచి పదమూడు తీస్తే 12, దాన్ని 20తో భాగించి 10తో గుణిస్తే 6. దిగువ హద్దు 20కి కలిపితే జవాబు 26.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఒక్క చోటే. ముందు గడిలోని 13 బదులు అదే వరసలో ఉన్న 33 తీసుకుంటారు. అప్పుడు జవాబు 16 వస్తుంది. చాలామంది టీచర్లు ఆ 16 మీద అడ్డగీత కొట్టి, పక్కన సున్నా వేసి పేజీ తిప్పేస్తారు. పిల్లవాడికి తెలిసేది తప్పు అన్న సంగతి మాత్రమే. చేయి తిరిగిన టీచరు జవాబును ముట్టుకోరు. పట్టిక సరిగ్గా ఉన్నందుకు దానికి మార్కులు వేస్తారు. మధ్యగత తరగతిని సరిగ్గా గుర్తించినందుకు వేస్తారు, సూత్రం రాసినందుకూ వేస్తారు. ఆ 33 చుట్టూ చిన్న సున్నా చుట్టి ఒక బాణం పైగడిలోని 13 వైపు గీస్తారు. కింద ఒకే ఒక్క ప్రశ్న రాస్తారు: 16 అనేది 20కీ 30కీ మధ్య ఉందా?

ఆ ప్రశ్నలో ఉన్న గొప్పతనం చూడండి. మధ్యగతం ఏ తరగతిలో ఉందో పిల్లవాడే రెండు వరసల పైన తేల్చాడు. అదే తరగతి బయట జవాబు వస్తే ఎక్కడో జారాడని వాడే పట్టుకోవచ్చు. టీచరు దిద్దింది ఒక్క లెక్కను కాదు, పరీక్ష హాల్లో ఎవరూ పక్కన లేనప్పుడు తన తప్పు తానే పట్టుకునే ఉపాయం అందించారు. ఇలాంటి దిద్దుబాటు ఒక కాపీకి పది నిమిషాలు తింటుంది. అరవై మంది పిల్లలుంటే పది గంటలు. వారానికో స్లిప్ టెస్టు పెట్టే బడిలో ఆ పది గంటలు ఏ టైమ్‌టేబుల్ గడిలోనూ ఉండవు. ఇంట్లో అన్నాలయ్యాక ముందు వేసుకుని కూర్చుంటేనే అవుతుంది.

మంచి టీచర్లు దీనికీ ఒక దారి కనిపెట్టారు. అరవై కాపీలూ దిద్దేముందు ఒకసారి గబగబా తిరగేసి తప్పుల్ని గుంపులు చేస్తారు: పట్టికే తప్పినవాళ్లు, గడి తప్పినవాళ్లు, కూడికలో జారినవాళ్లు, అసలు ముట్టుకోనివాళ్లు. మొదటి మూడు గుంపులకు మరుసటి రోజు బోర్డు మీద తలా పది నిమిషాలు చాలు. నాలుగో గుంపు పిల్లల్ని తలా ఇద్దరు ముగ్గుర్ని దత్తత తీసుకుంటారు. ఈ బడుల్లో వాడే మాట అదే. ఉదయం ప్రేయరుకు ముందో, సాయంత్రం స్టడీ అవర్లోనో ఆ ఇద్దరు ముగ్గుర్నీ కూర్చోబెట్టి పని మొదలుపెడతారు. ఎక్కడి నుంచి? చాలాసార్లు భాగహారం నుంచి.

ఇక్కడ మెచ్చుకోలుకు ఒక మెలిక ఉంది. గణితం ప్రశ్నపత్రంలో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాసవడానికి 35 చాలు. ఆ 35కు దగ్గరి దారి ప్రతి లెక్కల టీచరుకూ కంఠోపాఠం: చిన్న ప్రశ్నలు, ఒక గ్రాఫు, సాంఖ్యకశాస్త్రం నుంచి ఒక పెద్ద లెక్క, ఒక సంభావ్యత, త్రిభుజాల్లో ఒక సిద్ధాంతం. పద్నాలుగు అధ్యాయాల్లో నాలుగైదు పట్టుకుంటే పిల్లవాడు ఒడ్డున పడతాడు. ఇది నైపుణ్యమే, ఒప్పుకోవాలి. కానీ ఇది లెక్కలు నేర్పే నైపుణ్యం కాదు, గండం గడిపే నైపుణ్యం. జనవరిలో ఈ దారి పట్టించిన టీచరును నేను తప్పు పట్టలేను. జూన్‌లోనే పట్టించిన బడిని మెచ్చుకోలేను.

పిల్లలు మార్చిలో రాసిన పేపర్లు స్పాట్ వాల్యుయేషన్ కేంద్రానికి చేరాక అక్కడా ఈ చేతులే దిద్దుతాయి. రోజుకు మనిషికి 40 పేపర్లు. కోడ్ వేసిన పేపరు మీద ఎవరి పేరూ ఉండదు. సంవత్సరమంతా మెట్టు మెట్టుకూ మార్కులు వేయడం అలవాటైన చేయి అక్కడ కూడా అలాగే వేస్తుంది. ఆ మెట్టు మార్కే ఎక్కడో శ్రీకాకుళం పిల్లకు 34ను 35 చేస్తుంది.

ఇప్పుడు శాతాల సంగతి. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కొత్త జిల్లాల లెక్కన 2023లో వచ్చిన పదో తరగతి ఫలితాల్లో అది అట్టడుగున నిలిచింది, 60.39 శాతం. మొదటి స్థానంలో పార్వతీపురం మన్యం, రాష్ట్ర సగటు 72.26. మరుసటి ఏడు రాష్ట్రం 86.69కు ఎగబాకింది, ఆఖరి స్థానం పక్క కర్నూలుకు పోయింది, 62.47తో. 2025లో రాష్ట్ర సగటు 81.14. ఈ అంకెలు వచ్చిన రోజున జిల్లాలో ఎవరో ఒకరికి నోటీసు వెళ్తుంది, ఇంకెవరికో శాలువా.

అయితే 2023లో పరీక్ష రాసిన పిల్లలెవరు? 2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడినప్పుడు వాళ్లు ఏడో తరగతి. ఎనిమిదో తరగతిలో చాలా భాగం ఇంట్లోనో పొలంలోనో గడిచింది. బీజగణితం గట్టిపడేది, ఇంగ్లీషులో వాక్యం కూర్చడం కుదురుకునేది సరిగ్గా ఆ తరగతుల్లోనే. 2020, 2021 బ్యాచులు పరీక్ష లేకుండానే పాసయ్యాయి. పదో తరగతి టీచరు చేతికి వాళ్లు వచ్చింది 2022 జూలైలో, పబ్లిక్ పరీక్షకు తొమ్మిది నెలల ముందు. శాతం ఒక ఏడాది పేరు మీద వేస్తారు గానీ, అందులో ఐదేళ్ల పని ఉంటుంది. చేయని పని కూడా ఉంటుంది.

మాధ్యమం ఇంకో పొర. తెలుగులో చదువు మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాల్సిన పిల్లల కోసం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2025 పరీక్షకు ఐదు లక్షల అరవై వేలకు పైగా విద్యార్థులు ఇంగ్లీషు మాధ్యమంలో నమోదైతే, తెలుగులో రాస్తామన్నవాళ్లు యాభై వేల పైచిలుకు. పాఠం తెలుగులో విడమరిచి, సూత్రం ఇంగ్లీషులో రాయించి, మళ్లీ తెలుగులో అడిగి రాబట్టే టీచరు పనిని ఏ శిక్షణ పుస్తకమూ సరిగ్గా వర్ణించలేదు. ఎదుటి పేజీ ఉన్నది చూసి రాయడానికి కాదు, తడబడినప్పుడు తొంగిచూడడానికి అని పిల్లలకు అలవాటు చేయడం ఒక్కటే మూడు నెలల పని.

పొలం సంగతి చెప్పకుండా నంద్యాల జిల్లా బడి గురించి రాయలేం. ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, నంద్యాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. దాంట్లో ఎక్కువ మనుషులు కావాల్సింది క్రాసింగ్ పనికి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆడ వరసల్లో మరుసటి రోజు విచ్చబోయే మొగ్గలు చూసి, పుప్పొడి తిత్తుల్ని గోటితో ఒలిచేయాలి. పొద్దున్నే మగ వరసల పూలు తెచ్చి ఆ కీలాగ్రాలకు పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఒక్కోసారి, నెలల తరబడి. చిన్న వేళ్లు, తక్కువ ఎత్తు, తక్కువ కూలి కలిసొస్తాయని ఆడపిల్లల్ని ఈ పనికి పెట్టడం 2000 తర్వాతి ఏళ్లలో దేశం దాటి చర్చకొచ్చింది. అప్పటికంటే పరిస్థితి మారింది. కానీ విత్తన పత్తి ఉన్నచోటా, మిరప కోతలున్నచోటా హాజరుపట్టీలో వరసగా పడే 'ఎ'లు ఏ పంట ఏ దశలో ఉందో ఇప్పటికీ చెబుతాయి.

ఇక్కడ టీచరు పనితనం మాటలో ఉంటుంది. పగలు ఇంటికెళ్తే తాళం ఉంటుంది, అందుకే పొద్దుగూకాక వెళ్తారు. చట్టం సంగతి ఎత్తరు. ఎత్తితే ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోదు. అరుగు మీద కూర్చుని ముందు అవ్వతో మాట కలుపుతారు, పిల్ల కాపీ తీసి ఎర్రసిరా చూపిస్తారు, ఇంత బాగా రాసే పిల్ల ఇంట్లో ఉంటే ఎట్లవ్వా అంటారు. బేరం వారాలతో మొదలై రోజులకు దిగుతుంది. పిల్ల వెనక్కి వచ్చాక పోయిన పాఠాల కోసం పక్కన కూర్చోబెట్టేందుకు ఒక తోటి అమ్మాయిని ముందే చూసి పెట్టుకుంటారు. ఇందులో దాగిన ఇంకో గండం పెళ్లి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దసరా సెలవులైనా సంక్రాంతి సెలవులైనా, బడి తెరిచిన రోజున తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లల్ని ముందుగా లెక్కపెట్టుకునే మేడమ్‌లు ఊరికే లెక్కపెట్టరు.

మిగతావి తొందరగా చెప్పొచ్చు. 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు పథకంతో చాలా బడులకు మరుగుదొడ్లు, ఫ్యాన్లు, ప్రహరీలు వచ్చాయి. కొన్నిచోట్ల గదులు సగంలో ఆగాయి. మధ్యాహ్న భోజన పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంటుంది, వంటమ్మ చేతిలో గరిటె మారదు. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తెచ్చారు, 2025లో దాన్ని తీసేశారు. ఆ నడుమ ఎన్నిసార్లు టైమ్‌టేబుళ్లు చింపి మళ్లీ రాశారో రాసినవాళ్లకే తెలుసు. యాప్‌లలో ఫొటోలు, హాజరు, గుడ్ల లెక్క ఎక్కించడానికి రోజూ పోయే సమయం ఎర్రసిరా సమయమే. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టుల్లో ఉమ్మడి జిల్లాలన్నింటిలోకీ కర్నూలుకే ఎక్కువ వచ్చాయి, రెండున్నర వేలకు పైన. సంబరపడాల్సిన వార్తే. అన్ని ఖాళీలు అక్కడ పేరుకున్నాయని కూడా అందులోనే ఉంది.

ఏప్రిల్ ఆఖరుకు బడికి తాళం పడుతుంది. ఫలితాలొస్తాయి. మేలో, రాయలసీమ ఎండలో, తప్పినవాళ్ల కోసం సప్లిమెంటరీ క్లాసులు పెడతారు. ఆరుగురో ఎనిమిది మందో వస్తారు. మిగతావాళ్లకు ఫోన్లు చేయాలి, కొందర్ని అప్పటికే హైదరాబాదులోనో బెంగళూరులోనో పనికి పంపేసి ఉంటారు. వచ్చిన ఆరుగురితో ఒక టీచరు మళ్లీ ఆ సంచిత పౌనఃపున్యం గడి దగ్గరే కూర్చుంటారు. ఏడాది పొడవునా జరిగిన పనిలో కష్టమైనది నాకు ఇదే అనిపిస్తుంది. తప్పానన్న సంగతి ఊరంతా తెలిశాక కూర్చున్న పిల్లవాడికి ఆ గడి మళ్లీ చూపించడం వేరు.

వాళ్లలో నలుగురు పాసైనా ఆ సంగతి ఎక్కడా ఎక్కదు. హెడ్మాస్టరు గదిలో గోడకు వేలాడే బోర్డు మీద నాలుగు గళ్లే ఉంటాయి: సంవత్సరం, రాసినవాళ్లు, పాసైనవాళ్లు, శాతం. మొదటి విడతతోనే పెయింటరు కుంచె కడిగేస్తాడు. ఈ వేసవిలో ఏదో ఒక బడి ఐదో గడి గీయించి, జూన్‌లో పాసైనవాళ్ల సంఖ్య కూడా రాయిస్తే బాగుండును. పాములపాడుతో మొదలైనా అభ్యంతరం లేదు.